గోడకూ చెక్కకూ మధ్య సందు

చెక్క నేల వేసే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. ఏ రంపం మంచిది, ఏ జిగురుకు పట్టు ఎక్కువ అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం, అసలు సంగతి వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు అనిపిస్తుంది. రంపం గురించి అమ్మేవాడు చెబుతాడు. పాడైపోయిన నేల మీద నిలబడినప్పుడు, ఒక పక్క ఇంటివాళ్లూ ఇంకో పక్క పనిచేసినవాడూ మన మొహంలోకే చూస్తుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నా పని ఎక్కువగా అక్కడే గడిచింది. అందుకే ఇది రాస్తున్నాను.

రోజూ డైరీ రాయడం నాకు చదువుకునే రోజుల నుంచి ఉన్న అలవాటు. ఆ పుస్తకాల నిండా కొలతలూ, వానలూ, ఏ ఊళ్లో ఏ హోటల్లో ఏం తిన్నదీ ఉంటాయి. కొలతలు ఎవరికీ పనికిరావు, ప్రతి ఇంటికీ మారిపోతాయి. మనుషులు అంతగా మారరు. కాబట్టి వాళ్ల గురించే చెబుతాను.

చెప్పులు విప్పి నడవడం

నేను మొదట పనిచేసింది వెంకటరత్నం గారనే కాంట్రాక్టరు దగ్గర. అప్పట్లో మన వైపు ఇళ్లలో చెక్క నేల వేయించుకునేవాళ్లు ఎవరూ లేరు. మేం వేసేవి నాటకాల స్టేజీలూ, షటిల్ ఆడే హాళ్లూ. పని పూర్తయ్యాక ఆయన నన్ను చెప్పులు విప్పించి, కళ్లు మూయించి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించేవాడు.

"ఏమందిరా?" అని అడిగేవాడు.

"ఏమీ అనలేదండి."

"అయితే మళ్లీ నడు. ఏదో ఒకటి అనే ఉంటుంది."

మొదట్లో ఇది పిచ్చి అనుకున్నాను. కొన్నాళ్లకు మడమ కింద పలక వెంట్రుకవాసి దిగినా తెలియడం మొదలైంది. ఈ పనిలో నాకు తెలిసిన పరికరాలన్నిటిలో అరికాలే గొప్పది. దాన్ని బూట్లలో దాచుకుని సైటుకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది.

ఒక ఎండాకాలం ఒక క్లబ్బులో షటిల్ హాలు వేశాం. వెంకటరత్నం గారు తొందరలో ఉండి పలకల్ని గోడలకు ఆనించి బిగించేయమన్నారు. తొలకరి రాగానే ఆ నేల నడిమధ్యన పూరీలా పొంగింది. క్లబ్బువాళ్లు పిలిపించారు. వాన ఎక్కువగా పడిందని చెబుతారేమో అనుకున్నాను. ఆయన పొంగిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చుని, "వానకు మన సంగతి తెలియాల్సిన పనేముంది? మనకే వాన సంగతి తెలియలేదు. తప్పు మాదండి," అన్నారు. తర్వాత గోడల వెంబడి నాలుగు పక్కలా పలకల్ని సన్నగా కోయించి సందు ఇచ్చారు. మేం ఇంకేమీ చేయలేదు. చలికాలానికి నేల దానంతటదే దిగి కూర్చుంది.

ఆయన మంచి యజమాని అని మాత్రం చెప్పలేను. పనివాళ్లను నలుగురిలో తిట్టేవాడు. తిట్లు తిన్నవాడు ఆ తర్వాత తప్పు దాచడం నేర్చుకుంటాడు, పని నేర్చుకోడు. ఆయన నుంచి నడవడం నేర్చుకున్నాను, ఆ తిట్టే అలవాటు వదిలేశాను.

ఇల్లు ఎవరు కడుగుతారు

ఇళ్లలో పని మొదలయ్యాక ఇంకో పాఠం రేపల్లెలో తెలిసింది. ఒక రైతు కుటుంబం పాత ఇల్లు బాగుచేయించుకుని హాల్లో చెక్క నేల వేయించుకుంది. ఏడాది తిరక్కుండానే గుమ్మం దగ్గర పలకల అంచులు నల్లబడి, పైకి మెలిదిరిగాయి. వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. ఆ ఇంటి పెద్దావిడ సీతారావమ్మ గారు ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, మిగిలిన బిందె నీళ్లు హాల్లోకి వంచుతున్నారు.

"తడిగుడ్డతో తుడిస్తే చాలని చెప్పాను కదమ్మా," అన్నాడు కొడుకు.

"తుడవటానికి ఇదేమన్నా మీ ఆఫీసు బల్లా? కడగని ఇంట్లోకి లక్ష్మీదేవి ఎట్టా వస్తది? బూట్లేసుకుని వస్తదా?" అన్నారావిడ.

నేను ఆవిడతో వాదించలేదు. గడప లోపల ఒక గజం మేర చెక్క తీసేయించి, వాలు బయటికి ఉండేలా రాయి పరిపించాను. "అమ్మా, ఈ రాయి మీది. దీని మీద ఎన్ని బిందెలైనా పొయ్యండి. అవతలి చెక్క మీ అబ్బాయిది," అన్నాను.

"అట్టా చెప్పాలి," అన్నారావిడ. ఆ నేల ఇప్పటికీ బాగానే ఉంది.

అప్పటి నుంచి కొలత టేపు తీయకముందే, ఈ ఇల్లు ఎవరు శుభ్రం చేస్తారు, ఎలా చేస్తారు అని అడగడం అలవాటు చేసుకున్నాను. మీరూ అడగండి. ఆ మనిషి ఎదురుగా ఉండగా అడగండి.

ఇద్దరం ఒకేసారి పడకేశాం

ఇక అసలు చెప్పదలచుకున్నది బాపట్ల సంగతి. నేను పని మానేశాక, ఒక వానాకాలం చివర్లో అక్కడి నుంచి ఒకావిడ ఫోను చేశారు. పేరు రత్నకుమారి. టీచరుగా చేసి రిటైరయ్యారు.

"అన్నయ్య గారూ, మీ నంబరు రేపల్లె వాళ్లిచ్చారండి. మా హాల్లో చెక్కలు లేచిపోయాయి. మీరేం బాగుచెయ్యక్కర్లేదు. ఒకసారి చూసి, పీకించెయ్యమంటే పీకించేస్తాం," అన్నారు.

ఆవిడ భర్త ఆశీర్వాదం గారు హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేశారు. బాపట్లలో సగం మందిని మైదానం చుట్టూ పరిగెత్తించిన మనిషి. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. నెమ్మదిగా కోలుకుని చేతికర్రతో నడుస్తుండగా, హాల్లో నున్నటి టైల్స్ మీద కాలు జారింది. ఎముకలు విరగలేదు గానీ ధైర్యం పోయింది. గుంటూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు స్వర్ణలత, నాన్న కాలికి పట్టు దొరకాలని ఇల్లు బాగుచేయించే పని పెట్టుకుంది. పాత టైల్స్ తీయించి, కొత్తగా సిమెంటు బెడ్డు పోయించి, దాని మీద చెక్క వేయించింది. ఆయన దాని మీద కొద్దిరోజులు నడిచారు. వానలు పట్టాక నేల లేచింది. ఆయన మంచం ఎక్కారు, మళ్లీ దిగలేదు.

"కాలికి వ్యాయామం చేయించే అబ్బాయి వస్తుంటాడండి. ఇప్పుడు నడవకపోతే ఆ కాలు ఇంక బిగుసుకుపోతుందంటున్నాడు," అన్నారు టీచరు.

మర్నాడే పాసింజరు ఎక్కి వెళ్లాను. హాలు మధ్యలో పలకలు గుడారంలా లేచి ఉన్నాయి. ఆ అంచునే మంచం, దాని మీద ఆశీర్వాదం గారు.

"ఎవరు?" అన్నారాయన.

"తెనాలి నుంచి అన్నయ్య గారండి. నేల చూడ్డానికొచ్చారు."

"నేలనే చూస్తారా, నన్ను కూడానా? ఇద్దరం ఒకేసారి పడకేశాం," అని నా వైపు తిరిగి, "ఈవిడ మిమ్మల్ని అన్నయ్య అంది కాబట్టి, బావగారూ, మీకో మాట చెప్తాను. ఈ నేల కదులుతోంది. నా కాలే నా మాట వినట్లేదు. కింద నేల కూడా వినకపోతే ఎట్టా నడిచేది?"

"కదలటమేంటండి? భయం, అంతే," అన్నారు టీచరు. "మొన్న చెక్కల కంపెనీ అతను వచ్చి ఇల్లంతా తిరిగాడు. పొంగిన చోట తప్ప ఎక్కడా కదల్లేదన్నాడు. మేం నీళ్లు పోసి కడిగామంట, అందుకే లేచిందంట."

"అతను బూట్లేసుకుని తిరిగాడు," అన్నారు ఆశీర్వాదం గారు.

నేను చెప్పులు గుమ్మం బయటే వదిలాను. మంచం దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చాను. ఎత్తుగా లేచిన చోటు సరేసరి. సమంగా కనిపిస్తున్న చోట కూడా మడమ కింద పలక కొద్దిగా దిగి, కాలు తీయగానే తిరిగి లేస్తోంది. మామూలు మనిషికి అది తెలియదు. ఒక కాలును నమ్మలేని మనిషికి అది గోదారి మీద పడవలా ఉంటుంది.

"బావగారూ, నేల కదులుతోంది. మీ కాలు సరిగ్గానే చెప్పింది," అన్నాను.

ఆయన కొంతసేపు తన ఎడమ కాలినే చూసుకున్నారు. తర్వాత భార్యతో, "విన్నావా టీచరూ? వీడు అబద్ధం చెప్పలేదు," అన్నారు, తరగతిలో అందరూ అనుమానించిన పిల్లవాడి తరఫున మాట్లాడుతున్నట్టు.

వేలు పెట్టి చూసిన పెద్దన్నయ్య

నీళ్లు పోసి కడిగితే అతుకుల దగ్గర పలకల అంచులు ఉబ్బుతాయి, నల్లటి గీతలు పడతాయి. ఇక్కడ అతుకులు శుభ్రంగా ఉన్నాయి. ప్రతి చెడిపోయిన నేలకూ కడగడమే కారణమని చెప్పడం కంపెనీలకు తేలిక. ఇంటి ఆడవాళ్ల మీదికి నెట్టేస్తే వాళ్లు ఎలా రుజువు చేసుకుంటారు? నింద ఒప్పుకోవడానికి ముందు అతుకులు చూడండి.

నేను గోడ దగ్గర కూర్చుని, చెక్కకూ గోడకూ మధ్య స్టీలు స్కేలు దూర్చబోయాను. దూరలేదు. పక్క గోడ దగ్గరా దూరలేదు. గోడ అడుగున ఉన్న పాత టైల్స్ పట్టీని అలాగే ఉంచి, చెక్క పట్టీ కొట్టలేదు కాబట్టి ఆ అంచు బయటికే కనబడుతోంది. వంగి చూస్తే, పలకకూ గోడకూ మధ్య సన్నటి టేకు బద్ద కనిపించింది. గోడ ఎక్కడ కాస్త వంకర ఉంటే బద్ద కూడా అక్కడ అంతే వంపు తిరిగింది. అంత చక్కటి పని ఈ మధ్య చూడలేదు. నేలను లేపింది కూడా అదే.

"ఈ బద్దలు ఎవరు పెట్టారమ్మా?"

టీచరు కాస్త తడబడ్డారు. "మేమే పెట్టించామండి. మొదట సందు ఉండేది. వేసినతను వీరాచారి అని, మీ తెనాలి దగ్గర నందివెలుగు. అతను సందు వదిలాడు. కర్లపాలెం నుంచి మా పెద్దన్నయ్య వచ్చి, ఆ సందులో వేలు పెట్టి గోడ వెంబడి నడిచాడు. ‘ఇదేంటే, ఎడ్లబండి పట్టేటట్టుంది. మనింట్లో ఏ తలుపుకన్నా ఇంత సందు చూశావా? కొలత తెలియనివాడికి పనిచ్చావు’ అన్నాడు. ఆచారి అక్కడే ఉన్నాడు."

"అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదండి. మర్నాడు టేకు బద్దలు తెచ్చుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని మూసేశాడు. అన్నయ్య మళ్లీ వేలు పెట్టి చూసి, ఇదీ పనంటే అన్నాడు."

మన వైపు వడ్రంగికి పేరు తెచ్చేది గుమ్మాలూ తలుపులే. అతుకులో కాగితం కూడా దూరకూడదు. పెళ్లివారు ఇల్లు చూడ్డానికి వచ్చినా ముందు గుమ్మం మీద చెయ్యి వేసి చూస్తారు. ఆ లెక్కలోనే పెరిగిన మనిషిని, ఆ లెక్కలోనే అవమానించారు. అతను ఆ లెక్కలోనే జవాబు చెప్పాడు. పని రానివాడు ఈ తప్పు చేయలేడు.

సాయంత్రం స్వర్ణలత గుంటూరు నుంచి వచ్చింది. అలసిపోయి ఉంది. "అంకుల్, మొత్తం పీకించేసి గరుకు టైల్స్ వేయిస్తాను. ఇంక ఈ చెక్కతో నావల్ల కాదు."

"పీకేటప్పుడు నాన్నగారిని ఎక్కడ ఉంచుతావమ్మా?"

"మా అపార్ట్‌మెంట్‌లో. మూడో అంతస్తు. లిఫ్టుంది."

"నడవటానికి చోటుందా?"

ఈ ఇంట్లో అలవాటైన గోడలూ గుమ్మాలూ ఉన్నాయి. అక్కడికి తీసుకెళితే ఆయన ఇంకో మంచం మీద పడుకుంటారు, అంతే. పైగా తన వల్లే ఇల్లంతా తవ్వారని మథనపడతారు. అది మా ఇద్దరికీ తెలుసు.

"వానలు తగ్గేదాకా నాకు గడువివ్వు. నేల దిగకపోతే నువ్వన్నట్టే చేద్దాం," అన్నాను.

"దిగుతుందని గ్యారంటీ ఇస్తారా?"

"ఇవ్వనమ్మా. చెక్క కిందటిసారి ఏం చేసిందో తెలుసు, ఈసారి ఏం చేస్తుందో చూడాలి."

ఈ మాట చెప్పడానికి భయపడకండి. గ్యారంటీ అడిగేవాళ్లకు కావలసింది గ్యారంటీ కాదు, మనం మధ్యలో వదిలేసి పోమనే నమ్మకం. దాన్ని ఇవ్వగలిగితే చాలు. స్వర్ణలత తండ్రి వైపు చూసింది. "సరే అంకుల్," అంది.

పెట్టెలో కాగితం

వీరాచారి నందివెలుగులో తన కొట్టు ముందు తలుపు చిత్రిక పడుతున్నాడు. నన్ను ఎరిగినవాడే. తల ఎత్తలేదు.

"బాపట్ల నుంచేనా బాబాయ్? వాళ్లు పంపించారా?"

"నేనే వచ్చాను. నీ బద్ద ఒకటి తెచ్చాను, చూడు."

బద్దను చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు నిమిరాడు. "బాగానే కుదిరింది కదా," అన్నాడు.

"చాలా బాగా కుదిరింది. ముందు సందు వదిలింది నువ్వేనటగా. ఎందుకు వదిలావు?"

"పెట్టెలో కాగితం పెట్టారు బాబాయ్. గోడకి ఆనించొద్దని బొమ్మేశారు. ఎందుకో రాయలేదు. ఆ పెద్దాయన అడిగితే నేనేం చెప్పాలి? కాగితంలో ఉందని చెప్పాలా? ఇన్ని గుమ్మాలు చేసి, కాగితం చూసి పనిచేస్తున్నానని చెప్పాలా?"

అతని మీద నాకు కోపం రాలేదు. ఎందుకో చెప్పని సూచనను మనిషి ఎంతసేపు కాపాడగలడు? ఎవరైనా మొదటిసారి వేలెత్తి చూపగానే వదిలేస్తాడు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను మరీ మరీ చెప్పేది ఇదే. చేసే ప్రతి పనికీ కారణం తెలుసుకుని ఉండండి. ఇంటికొచ్చిన పెద్దన్నయ్యకు అక్కడికక్కడ చెప్పగలగాలి.

"వానాకాలం తలుపు పట్టేస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"అంచు చిత్రిక పడతాను."

"ఎందుకు పట్టేస్తుంది?"

"తేమకి ఉబ్బుద్ది కదా బాబాయ్."

"ఆ హాలు నేల కూడా తలుపే, పడుకోబెట్టిన తలుపు. దానికి నాలుగు పక్కలా గుమ్మం బిగించేశావు. పక్కకి ఉబ్బే దారి లేక పైకి లేచింది."

వీరాచారి చిత్రిక కింద పెట్టాడు.

"ఈ ముక్క కాగితంలో రాసుంటే ఏం పోయేది?" అన్నాడు. తర్వాత, "అయితే కొయ్యాల్సిందేనా?"

"కొయ్యాలి. నువ్వే కొయ్యాలి."

"ఆ పెద్దాయన మళ్లీ వస్తే?"

"నేను మాట్లాడతాలే."

"వద్దు బాబాయ్. నేనే చెప్తా. ఇప్పుడు తెలిసిందిగా."

దారం కింద వెలుతురు

మర్నాడు వీరాచారి తను కూర్చిన బద్దలన్నీ తానే ఊడదీశాడు. ఉబ్బిన చెక్కకు ఆ సందు చాలదని, తర్వాత గోడల వెంబడి పలకల అంచు కూడా కోశాడు. మూడో గోడ చివర్లో ఉండగా నేల లోపల ఎక్కడో టప్పుమని చప్పుడైంది.

"వదిలిందా?" అన్నారు మంచం మీద నుంచి ఆశీర్వాదం గారు.

"వదిలిందండి," అన్నాడు వీరాచారి.

ఒక మూల పలకలు కొన్ని తీసి, కింది సిమెంటు మీద పాలిథిన్ కాగితం పరిచి అంచులు అంటించాం. తెల్లారేసరికి దాని అడుగున నీటి చుక్కలు పట్టాయి. బెడ్డు పూర్తిగా ఆరకముందే చెక్క వేసేశారు. అందుకే ఇంత ఉబ్బింది. వేయకముందు చేయవలసిన పరీక్ష అది, పాలిథిన్ కాగితమూ టేపూ ఉంటే చాలు. చాలామంది చేయరు, గృహప్రవేశం ముహూర్తం తొందరపెడుతుంది.

ఇక ఆరబెట్టడమే పని. మధ్యాహ్నం కిటికీలు తీసి ఫాన్లు వేయడం, మబ్బు పడితే మూసేయడం. నేను ఒక గోడ నుంచి ఎదుటి గోడకు దారం లాగి కట్టాను. ఎత్తైన చోట అది పలకను తాకుతోంది. "రోజూ దీన్ని చూస్తుండండి," అని టీచరుకు చెప్పి వచ్చాను. ఎదురుచూసేవాళ్ల చేతికి చూడ్డానికి ఏదో ఒకటి ఇవ్వాలి. లేకపోతే ఆ ఎదురుచూపు గొడవగా మారుతుంది.

కొన్నాళ్లు ఏమీ జరగలేదు. స్వర్ణలత ఒకసారి ఫోను చేసి, టైల్స్ షాపుకు వెళ్లి చూసొచ్చానని చెప్పింది. నేను కాదనలేదు. వానలు వెనక్కి తగ్గి, పొడిగాలి మొదలైంది. ఒక ఉదయం టీచరు ఫోను.

"అన్నయ్య గారూ, దారం కింద వెలుతురు కనబడుతోందండి."

అక్కడి నుంచి రోజూ కొంచెం కొంచెంగా దిగింది. పండగ బట్టలు కుట్టించుకునే రోజులు వచ్చేసరికి నేల చూపుకు సమంగా ఉంది. కానీ ఆశీర్వాదం గారు మంచం దిగలేదు.

"కదులుతోంది బావగారూ. చూడ్డానికి బాగానే ఉంది, కింద గుల్లగా ఉంది," అన్నారు.

నిజమే. బెడ్డు పోసినవాళ్లు చదును సరిగా చేయలేదు. అక్కడక్కడా పల్లాలు ఉన్నాయి. నేను సుత్తితో కొట్టి చూశాను. పలకల కింద మెత్తటి షీటు ఉండడంతో చప్పుడు అంతటా ఒకేలా వస్తోంది. నా అరికాళ్లకు కూడా వయసు వచ్చింది, కొన్ని తెలిశాయి, కొన్ని తెలియలేదు. హాలంతా లేపకుండా పల్లాలు కనిపెట్టడం ఎలాగా అని ఆలోచిస్తుంటే ఎదురుగా ఆయన కాలు కనిపించింది.

"బావగారూ, మీ ఎడమ కాలు కావాలి."

"దాంతో ఏం పని? అది సగం డ్యూటీయే చేస్తోంది."

"దానికి అనుమానం ఎక్కువ. మాకిప్పుడు అదే కావాలి. మొదటి నుంచీ ఈ ఇంట్లో నిజం చెప్పింది అదొక్కటే."

ఆయన నన్ను పరీక్షగా చూశారు. నేను నవ్వడం లేదని రూఢి చేసుకున్నాక, "టీచరూ, కర్ర ఇలా ఇవ్వు," అన్నారు.

ఒక పక్క టీచరు, ఇంకో పక్క వీరాచారి పట్టుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకుని ఆయనకు ఎదురుగా, వెనక్కి అడుగులేస్తూ నడిచాను. మొదటి అడుగుకే ఆయన నుదుట చెమట పట్టింది. రెండో అడుగు వేసి ఆగారు.

"ఇక్కడ."

గుర్తు పెట్టాను.

"అక్కడ కాదు. కుడికి జరగండి. మీ కుడి కాదు, నా కుడి." గొంతు మైదానంలోకి వెళ్లిపోయింది. "ఆ, అదీ. మార్క్ చెయ్యండి."

ఆ రోజు హాలు సగం దాకా వచ్చి కుర్చీలో కూలబడ్డారు. టీచరు నీళ్లు తెచ్చి ఇచ్చారు. మర్నాడు మిగతా సగం. సుద్ద గుర్తులున్న చోట వీరాచారి పలకలు లేపితే, ప్రతి గుర్తు కిందా పల్లం ఉంది. ఒకటీ అరా పక్కకు ఉన్నాయి, అంతే. పల్లాలు నింపి, ఆరనిచ్చి, మళ్లీ వేశాడు. వేసిన ప్రతిచోటా మాస్టారు వచ్చి నిలబడాలి. లేకపోతే పాసైనట్టు కాదని ఆయనే షరతు పెట్టారు.

"ఫెయిల్. మళ్లీ చెయ్యి," అన్నారొక చోట.

"పేపర్లు మరీ గట్టిగా దిద్దుతున్నారండి మాస్టారు," అన్నాడు వీరాచారి.

"చిన్నప్పుడు నువ్వు నా బళ్లో చదివుంటే తెలిసేది," అని కర్రతో ఆ పలకను తట్టారు. అప్పటికి ఆయనను ఒక్క పక్కే పట్టుకుంటున్నాం. ఆ సంగతి ఆయన గమనించలేదు. మేం గుర్తు చేయలేదు.

ఆ వారంలోనే కర్లపాలెం పెద్దన్నయ్య వచ్చారు. రాగానే వంగి, సందులో వేలు పెట్టారు.

"ఏవయ్యా, మళ్లీ తెరిచావేంటి?"

వీరాచారి లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్లో తలుపు వానాకాలం పట్టేస్తదా అండి?"

"పట్టేస్తది. లాగలేక చస్తాం."

"ఇది కూడా తలుపేనండి. పడుకోబెట్టాం. ఉబ్బటానికి దీనికి కాస్త చోటు కావాలి. దీని మీద చెక్క పట్టీ వస్తది, సందు కనబడదు. పట్టీ గోడకే కొడతాను, చెక్కకి కొట్టను. కొడితే మళ్లీ బిగుసుకుపోద్ది."

పెద్దన్నయ్య వేలు తీసి, పంచెకు తుడుచుకున్నారు. "ఈ ముక్క ఆరోజే చెప్పొచ్చు కదయ్యా," అన్నారు.

"ఆరోజు నాకూ తెలియదండి," అన్నాడు వీరాచారి.

ఒక మనిషి తన పనిలో ఎదిగే క్షణాలు బయటికి పెద్దగా కనిపించవు. నేను చూసినవాటిలో అదొకటి. ఇప్పుడు అతనే తెనాలి చుట్టుపక్కల చెక్క నేలలు వేస్తున్నాడు. సందు గురించి ఎవరైనా అడిగితే తలుపు కథ చెబుతాడు.

చివరి గోడ

పట్టీలు కొట్టే రోజు నేనూ వెళ్లాను. స్వర్ణలత సెలవు పెట్టి వచ్చింది. వీరాచారి మోకాళ్ల మీద కూర్చుని చివరి గోడకు పట్టీ ఆనించాడు. నేను అవతలి కొస పట్టుకున్నాను. సందు సమంగా ఉందో లేదో చూడ్డానికి స్వర్ణలత నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసింది. ముగ్గురం గోడ వైపే తిరిగి ఉన్నాం. టీచరు వంటింట్లో ఉన్నారు. మాకు టీ ఇచ్చి, మంచం పక్క స్టూలు మీద ఆయన గ్లాసు పెట్టి వెళ్లారు.

వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. నేను తల తిప్పబోతే స్వర్ణలత నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ముగ్గురం గోడనే చూస్తూ ఉండిపోయాం. కర్ర హాలు మధ్యకు వచ్చింది, దాటింది. పలకలు ఏమీ అనలేదు.

వంటింటి గుమ్మం దగ్గర ఆశీర్వాదం గారి గొంతు.

"టీచరూ, టీలో పంచదార లేదు."

"వెయ్యలేదండి. డాక్టరు వద్దన్నాడుగా. దానికోసం ఇంత దూరం రావాలా, అక్కణ్ణుంచి కేకేస్తే..." అంటూనే ఆవిడ మాట ఆపేశారు.

లోపల ఏదో మూత కింద పడింది.

"నడిచొచ్చాను కదా," అన్నారాయన. "ఒక్క చెంచా."

తర్వాత డబ్బా తీసిన చప్పుడు వినిపించింది.

"అర చెంచా," అన్నారు టీచరు. "మిగతాది రేపొచ్చి తీసుకోండి."